కొబ్బరి మొక్కకు తండ్రి ఎవరు?

కోనసీమలో ఇల్లు చిన్నదైనా పెద్దదైనా పెరట్లో రెండు కొబ్బరి చెట్లయినా ఉంటాయి. అమలాపురం వైపు వెళ్ళండి, రాజోలు వైపు వెళ్ళండి, కొత్తపేట వైపు వెళ్ళండి, ఇదే దృశ్యం. ఆ చెట్లలో చాలావాటిని తాతలు నాటారు. ఇప్పుడవి 60, 70 అడుగుల ఎత్తుకు పెరిగి, ఇంటి కప్పును ఏనాడో దాటిపోయి, ఎక్కడో ఆకాశంలో కాయలు కాస్తున్నాయి. పచ్చడికి కాయ కావాలంటే దింపు తీసే మనిషి రావాలి. ఒకప్పుడు కేక వేస్తే వచ్చేవాడు. ఇప్పుడు వారం ముందు చెప్పినా దొరకడం కష్టం. దొరికినా రెండు చెట్ల కోసం ఎవరు వస్తారు? వచ్చినవాడు ప్రాణానికి తెగించి ఎక్కుతున్నాడన్న సంగతి కూడా మనం మరచిపోకూడదు. ఇక గాలివాన వచ్చిందంటే ఇంటి పక్కనున్న పొడుగు చెట్టుకేసి చూస్తూ రాత్రంతా మేలుకోవాల్సిందే. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను గురించి మీ అమ్మమ్మనో తాతయ్యనో అడగండి. ఆ ఒక్క రాత్రి కోనసీమలో ఎన్ని కొబ్బరి చెట్లు నేలకొరిగాయో వారు చెబుతారు.

ఈ మధ్య చాలా ఇళ్ళ ముందు మరో రకం కొబ్బరి కనిపిస్తోంది. మనిషి ఎత్తులోనే నారింజ పండు రంగులో మెరిసిపోయే గెలలు! చిన్నపిల్లవాడు కూడా చెయ్యి చాచి బొండాన్ని తాకవచ్చు. వీధి గుమ్మం ముందు పూలమొక్కలా అందంగా ఉంటుంది, వేసవిలో దాహమూ తీరుస్తుంది. అది చూసి ముచ్చటపడి, నర్సరీకి వెళ్ళి మనమూ ఒక మొక్క తెచ్చుకుంటాం. "హైబ్రిడ్ అండీ, మూడేళ్ళకే కాపు" అంటాడు అమ్మేవాడు. ఆ మాట నిజమో కాదో తేలాలంటే మూడు నాలుగేళ్ళు నీళ్ళు పోసి ఎదురుచూడాలి. తీరా చూస్తే ఆ మొక్క సన్నజాజి పందిరిని దాటి, డాబాను దాటి, తాత నాటిన చెట్టులాగే పైకి పోతూ ఉంటుంది. నాలుగేళ్ళు పోయినట్టే, స్థలమూ పోయినట్టే.

మొక్క చిన్నగా ఉండగానే అది ఎలాంటిదో కనిపెట్టలేమా? కొంతవరకు కనిపెట్టవచ్చు. అయితే అందుకు ముందు కొబ్బరి గెలలో జరిగే ఒక చిత్రమైన కాలపట్టిక గురించి తెలుసుకోవాలి.

మామిడికి ఈ చిక్కు లేదు. కోనసీమ నుంచి రావులపాలెం దాటి రాజమహేంద్రవరం దారిలో వెళితే కడియం, కడియపులంక ఊళ్ళు వస్తాయి. రోడ్డుకు ఇరువైపులా నర్సరీలే. అక్కడ కుండీల్లో నడుము ఎత్తున నిలబడి కాయలు కాస్తున్న మామిడి, నిమ్మ, జామ, దానిమ్మ మొక్కలను చూసే ఉంటారు. అవన్నీ విత్తనం నుంచి వచ్చినవి కావు. అంటు కట్టినవో, కొమ్మకు వేళ్ళు తెప్పించి కోసినవో. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ దశేరి, నీలం మామిడి రకాలను కలిపి 1971లో 'ఆమ్రపాలి' అనే పొట్టి రకాన్ని విడుదల చేసింది. మన సంగారెడ్డి పండ్ల పరిశోధనా కేంద్రంలో రుమాని, నీలం రకాలను కలిపి 'మంజీర' అనే మరో పొట్టి మామిడిని తయారుచేశారు. అలా ఒక్క మంచి చెట్టు పుడితే చాలు. దాని కొమ్మల్ని అంటు కడుతూ పోతే వేలు, లక్షల చెట్లు తయారవుతాయి. ప్రతి ఆమ్రపాలి చెట్టూ ఆ మొదటి ఆమ్రపాలి చెట్టు తాలూకు కొమ్మే అన్నమాట. మేడ మీద కుండీలో పెట్టినా దాని గుణం మారదు.

"మాస్టారూ, కొబ్బరికి కూడా అంటు కట్టకూడదా?" అని తరగతిలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. మంచి ప్రశ్న. అంటు కట్టాలంటే కొమ్మ కావాలి. కొబ్బరికి కొమ్మ ఏది? దాని మానుకు కొన మీద ఒకే ఒక పెరుగుదల మొగ్గ ఉంటుంది. ఆకులు రావాలన్నా, గెలలు రావాలన్నా అక్కడి నుంచే. కొమ్ము పురుగు దాన్ని పూర్తిగా తొలిచేస్తే చెట్టు చచ్చిపోయేది అందుకే. మామిడి మానును అడ్డంగా కోసి చూస్తే బెరడుకు, చేవకు మధ్య విభాజ్య కణజాలం వలయంగా కనిపిస్తుంది. రెండు ముక్కల్ని అతికించేది అదే. కొబ్బరి ఏకదళ బీజం కాబట్టి దానికి ఆ వలయం లేదు. అరటిలా పక్క నుంచి పిలకలూ పెట్టదు. ప్రయోగశాలల్లో గాజు సీసాల్లో కొబ్బరిని పెంచి ఒకటిని పదిగా చేయాలని శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా పాటుపడుతున్నారు. 2021లో బెల్జియం శాస్త్రజ్ఞులు కాయలోని పిండం నుంచి మొదలుపెట్టి పక్క మొగ్గలు తెప్పించే పద్ధతి ఒకటి ప్రకటించారు. అది మన ఊరి నర్సరీ దాకా రావడానికి ఇంకా సమయం పడుతుంది. అంతవరకు కొబ్బరికి కాయ ఒక్కటే దారి.

కాయ అంటే విత్తనం. విత్తనానికి తల్లి ఎవరో మనకు తెలుసు, ఏ చెట్టు నుంచి కోశామో ఆ చెట్టే. తండ్రి సంగతి? అది పుప్పొడి తెచ్చిన గాలికీ తేనెటీగకూ తెలియాలి. మన పెరటి మొక్క భవిష్యత్తంతా ఈ ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంది.

కొబ్బరిలో స్థూలంగా రెండు జాతులు ఉన్నాయి. ఒకటి పొడుగుది, మన దేశవాళీ కొబ్బరి ఇదే. శాస్త్రజ్ఞులు దీన్ని తూర్పు కోస్తా పొడుగు రకం అంటారు. ఇది ఆరేడేళ్ళకు గాని కాపుకు రాదు. కాని ఎనభై ఏళ్ళు దాటినా కాస్తూనే ఉంటుంది. దీని కొబ్బరి మందంగా ఉండి నూనె బాగా వస్తుంది. అంబాజీపేట మార్కెట్లో బేరాలు జరిగేది ఎక్కువగా ఈ కాయల మీదే. రెండోది పొట్టిది. మూడు నాలుగేళ్ళకే గెల వేస్తుంది. ఆయుర్దాయం తక్కువ. ఎండు కొబ్బరి తోలులా సాగుతుంది గాని బొండంలో నీళ్ళు మాత్రం తియ్యన. కేరళలోని చావక్కాడు ప్రాంతం నుంచి వచ్చిన నారింజ పొట్టి రకం బొండాలకు దేశమంతటా పేరు. మలయా నుంచి వచ్చిన పసుపు, నారింజ, ఆకుపచ్చ పొట్టి రకాలు కూడా ఉన్నాయి. ఇవి కాక మన గోదావరి జిల్లాల సొంత ఆస్తి ఒకటి ఉంది, గంగాబొండం. గంగ అంటే నీరు కదా, ఆ పేరు ఊరికే రాలేదు. కాయ ఆకుపచ్చగా, బొప్పాయిలా కోలగా ఉంటుంది. చెట్టు మరీ మరుగుజ్జు కాదు, మధ్యస్థంగా పెరుగుతుంది.

ఎదిగిన చెట్లలో ఈ తేడా పట్టుకోవడం సులభం. పొడుగు చెట్టు మొదలు దగ్గర కడవలా ఉబ్బి ఉంటుంది. పొట్టి చెట్టుకు ఆ ఉబ్బు ఉండదు, నేలలోంచి స్తంభంలా లేస్తుంది. మాను మీద ఉంగరాల్లా గీతలు చూడండి. అవి రాలిపోయిన మట్టల గుర్తులు. ఒక్కో మట్టకు ఒక్కో గుర్తు. పొడుగు చెట్టులో ఈ గీతల మధ్య దూరం ఎక్కువ, పొట్టి చెట్టులో దగ్గర దగ్గరగా ఉంటాయి. దేశవాళీ చెట్టు ఏడాదికి సుమారు 12 నుంచి 14 మట్టలు వేస్తుంది కనుక, గీతల్ని లెక్కపెట్టి 12తో భాగించి, మాను పైకి లేవక ముందు గడిచిన నాలుగైదేళ్ళు కలిపితే చెట్టు వయస్సు ఉజ్జాయింపుగా వస్తుంది. తాతగారు చెప్పిన వయస్సుతో సరిపోతుందో లేదో చూడండి! కాని ఏడాది మొక్కకు మానే ఉండదు, ఇక గీతలెక్కడివి?

అందుకని పువ్వు దగ్గరకు వద్దాం. ప్రతి మట్ట మొదట్లోనూ పడవలాంటి తొడుగులో ఒక గెల తయారవుతుంది. తొడుగు పగిలాక లేత పసుపు రంగు చీపురులాంటిది బయటకు వస్తుంది. దాని ఈనెల నిండా బియ్యపు గింజల్లా వేలకొద్దీ ఉండేవి మగపూలు. ఈనెల మొదళ్ళలో గోలీల్లా అక్కడక్కడ ఉండేవి ఆడపూలు. వాటినే మనం పిందెలంటాం. ఒకే గెలలో ఆడా మగా పక్కపక్కనే ఉన్నాయి కదా, ఒకదాని పుప్పొడి మరొకదాని మీద పడటం ఎంత తేలిక అనిపిస్తుంది. దేశవాళీ చెట్టులో అలా జరగదు. తొడుగు పగిలిన రోజు నుంచి మగపూలు పై నుంచి కిందికి వరుసగా విచ్చుకుంటూ, సుమారు మూడు వారాల్లో అన్నీ రాలిపోతాయి. అవి అయిపోయాక గాని ఆడపూలు సిద్ధం కావు. అప్పుడు వాటి కొనన మూడు చీలికలుగా కీలాగ్రం తెరుచుకొని, తేనెలాంటి జిగురు ఊరుతుంది. ఆ దశ నాలుగైదు రోజులే. ఆ సమయానికి ఆ గెలలో పుప్పొడి ఉండదు. తర్వాతి గెల విచ్చుకోవడానికి మామూలుగా ఇంకా కొన్నాళ్ళు పడుతుంది. కాబట్టి పుప్పొడి పక్క చెట్టు నుంచి రావలసిందే. ఇది పరపరాగ సంపర్కం. మన పెరటి దేశవాళీ కాయలో పక్కింటి చెట్టు పాలు ఎప్పుడూ ఉంటుందన్నమాట. మంచి కాయలు కాసే చెట్టు నుంచే విత్తనం కట్టినా పిల్లలన్నీ తల్లిలా రాకపోవడానికి కారణం ఇదే.

పొట్టి చెట్టులో ఈ కాలపట్టిక వేరు. మగపూలు ఇంకా రాలుతుండగానే ఆడపూలు కూడా తెరుచుకుంటాయి. రెండు దశలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. అందువల్ల తన పుప్పొడి తన పిందెల మీదే పడి స్వపరాగ సంపర్కం జరుగుతుంది. తరతరాలుగా ఇలా జరగబట్టే పొట్టి రకాలు చాలావరకు తల్లినే పోలిన పిల్లల్ని ఇస్తాయి. అయితే ప్రకృతిలో తలుపులన్నీ గట్టిగా మూసి ఉండవు. చుట్టూ పొడుగు చెట్లు గుంపుగా ఉన్నచోట వాటి పుప్పొడి కూడా అప్పుడప్పుడు పొట్టి చెట్టు పిందె మీద వాలుతుంది. అలా పుట్టిన మొక్కలు తల్లి కన్నా బలంగా, ఏపుగా పెరగడం కేరళ తోటల్లో ఎప్పుడో గమనించారు.

గాలి చేస్తున్న ఈ పనిని మనిషి చేస్తే? 1930ల మొదట్లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న నీలేశ్వరం కేంద్రంలో జె. ఎస్. పటేల్ అనే శాస్త్రజ్ఞుడు ఆ పని చేశాడు. పశ్చిమ కోస్తా పొడుగు చెట్టు పిందెల మీద చావక్కాడు ఆకుపచ్చ పొట్టి చెట్టు పుప్పొడి చల్లాడు. పుట్టిన మొక్కలు తొందరగా కాపుకు వచ్చి ఎక్కువ కాయలు కాశాయి. తల్లిదండ్రులిద్దరి కన్నా బిడ్డ బలంగా ఉండే ఈ గుణాన్ని సంకర తేజం అంటారు. 1937లో ఆయన ఈ ఫలితాలను ప్రకటించాడు.

మన అంబాజీపేటలోని కొబ్బరి పరిశోధనా కేంద్రం చేసిన పనిలో ముఖ్యమైనది ఈ దారిలోనిదే. ఇప్పుడది వెంకటరామన్నగూడెంలోని డాక్టర్ వై. ఎస్. ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయం కింద ఉద్యాన పరిశోధనా స్థానంగా ఉంది. అక్కడ దేశవాళీ పొడుగు చెట్టును తల్లిగా, గంగాబొండాన్ని తండ్రిగా తీసుకొని 'గోదావరి గంగ' అనే సంకర రకాన్ని తయారుచేశారు. నాలుగైదేళ్ళకే కాపుకు వచ్చి, మంచి పోషణ ఉంటే చెట్టుకు ఏడాదికి సుమారు 140 కాయలు ఇస్తుంది. ఆ తర్వాత గంగాబొండాన్ని తల్లిగా పెట్టి, ఫిలిప్పీన్స్ పొడుగు రకంతో కలిపి 'వశిష్ఠ గంగ'ను తెచ్చారు. గంగాబొండం చెట్లలోంచే మేలైనవాటిని ఏరి, బొండాల కోసం 'గౌతమి గంగ'ను ఎంపిక చేశారు. కోనసీమను చుట్టిన గోదావరి పాయల పేర్లే వాటికి పెట్టడం బాగుంది కదూ!

ఈ సంకరణం ఎలా చేస్తారో వింటే ఒక్క మొక్క వెనుక ఎంత శ్రమ ఉందో మీకు తెలుస్తుంది. తల్లి చెట్టు మీద తొడుగు పగలగానే పనివాడు పైకెక్కి, మగపూలున్న ఈనెల కొసలు కత్తిరించి, మిగిలిన మగపూలను కూడా ఒక్కటి వదలకుండా గిల్లేస్తాడు. దీన్ని విపుంసీకరణ అంటారు. ఒక్క మగపువ్వు మిగిలినా మోసమే. తర్వాత గెల మొత్తాన్ని దగ్గరగా నేసిన గుడ్డ సంచిలో పెట్టి మూతి బిగిస్తాడు. బయటి పుప్పొడి, తేనెటీగ, చీమ ఏదీ లోపలికి పోకూడదు. మరోవైపు తండ్రి చెట్టు మగపూలను తెచ్చి, మితమైన వేడిలో ఆరబెట్టి, నలిపి, జల్లించి, పుప్పొడిని టాల్కం పొడిలో కలిపి ఉంచుతారు. ఆడపూలకు జిగురు ఊరే రోజుల్లో మళ్ళీ మళ్ళీ చెట్టెక్కి ఆ పొడిని చల్లాలి. పిందెలు అన్నీ ఒకే రోజు తెరుచుకోవు మరి. కీలాగ్రాలు నల్లబడ్డాక సంచి తీసేస్తారు. ఆ తర్వాత పదకొండు పన్నెండు నెలలకు కాయ ముదురుతుంది. అది మొలవడానికి మూడు నాలుగు నెలలు, నారుమడిలో మరి కొన్ని నెలలు. అంటే ఈ రోజు చల్లిన పుప్పొడి మీ ఇంటికి మొక్కగా చేరడానికి రెండేళ్ళు! తల్లి పొడుగు చెట్టయితే ఈ ఎక్కడం దిగడం అంతా 50 అడుగుల ఎత్తున జరగాలి. తల్లి పొట్టిదైతే చిన్న నిచ్చెన చాలు. విత్తన తోటల్లో పొట్టి తల్లి చెట్లను వరుసగా నాటి, వాటి మగపూలన్నీ తీసేసి, చుట్టూ ఉన్న ఎంపిక చేసిన పొడుగు చెట్ల పుప్పొడిని గాలికీ తేనెటీగలకూ వదిలే పద్ధతి కూడా ఉంది. ఇంత కష్టం ఉంది కాబట్టే నిజమైన సంకర మొక్కలు ఎప్పుడూ కావలసినన్ని దొరకవు. దొరకనిచోటే 'హైబ్రిడ్' అన్న చీటీ ప్రతి కుండీకీ వేలాడుతుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. నారుమడిలోని మొక్క తండ్రిని ఎలా కనిపెట్టాలి?

రంగు చెబుతుంది. నారింజ రంగు పొట్టి చెట్టు కాయల్ని పాతితే వచ్చే మొలకల మట్టలు, అంటే ఆకు కాడలు, పరిశీలనగా చూడండి. కొన్నిటికి కాడ నారింజ రంగులో ఉంటుంది. కొన్నిటికి గోధుమ రంగులో ఉంటుంది. ఒకే తల్లి, ఒకే గెల, రెండు రంగులు! నారింజ కాడ మొక్కకు తండ్రి కూడా నారింజ పొట్టి చెట్టే, బహుశా ఆ తల్లి చెట్టే. గోధుమ కాడ మొక్కకు పుప్పొడి బయటి నుంచి, ఎక్కువగా పొడుగు చెట్టు నుంచి వచ్చింది. కేంద్రాల్లో కూడా నారింజ తల్లి మీద చేసిన సంకరణంలో నారింజ కాడలు వచ్చిన మొక్కల్ని పక్కకు తీసేసి, గోధుమ కాడల వాటినే సంకర మొక్కలుగా ఇస్తారు.

నారింజకు ఆకుపచ్చ కలిస్తే గోధుమ ఎందుకు రావాలి? పదో తరగతిలో మెండెల్ బఠాణీల పాఠం చదివినవారికి ఇది సరదా లెక్క. రెండు జన్యువులు పనిచేస్తున్నాయని 1988లో ఒక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వివరించాడు. ఒకటి ఎరుపును ఇచ్చేది, మరొకటి ఆకుపచ్చను ఇచ్చేది. రెండూ ఉంటే ఎరుపు, పచ్చ కలిసి గోధుమగా కనిపిస్తుంది. ఎరుపుది మాత్రమే ఉంటే నారింజ. ఆకుపచ్చది మాత్రమే ఉంటే ఆకుపచ్చ. రెండూ లేకపోతే పసుపు. నారింజ తల్లి ఎరుపు జన్యువును, ఆకుపచ్చ తండ్రి ఆకుపచ్చ జన్యువును ఇస్తే బిడ్డలో రెండూ చేరి గోధుమ అవుతుంది. ఇప్పుడు మీరు పలక తీసుకొని, ఆ గోధుమ బిడ్డ తన పుప్పొడితోనే తాను కాయలు కాస్తే ఏమవుతుందో గళ్ళు గీసి చూడండి. ప్రతి 16 మొక్కలకు సగటున 9 గోధుమ, 3 నారింజ, 3 ఆకుపచ్చ, 1 పసుపు వస్తాయి. 9:3:3:1, మెండెల్ బఠాణీల్లో చూసిన నిష్పత్తే!

ఈ లెక్కలో ఇంకొక హెచ్చరిక దాగి ఉంది. పక్కింటి గోదావరి గంగ విరగకాస్తోందని దాని కాయ తెచ్చి పాతుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. రంగులు ఎలా చెదిరిపోయాయో, ఎత్తు, కాపు, కాయ సైజు కూడా అలాగే రెండో తరంలో చెదిరిపోతాయి. పైగా దాని తండ్రి ఎవరో కూడా తెలియదు. సంకర తేజం మొదటి తరానిదే. ఆ కాయ పచ్చడికి పనికివస్తుంది, విత్తనానికి పనికిరాదు.

రంగు పరీక్ష ప్రతిచోటా పారదు. గంగాబొండం ఆకుపచ్చ కదా. దాని పిల్ల ఆకుపచ్చగా ఉంటే తండ్రి గంగాబొండమా, ఆకుపచ్చ దేశవాళీయా అన్నది కాడ చూసి చెప్పలేం. తల్లి గోధుమ రంగు దేశవాళీ అయితే అసలే చెప్పలేం. అక్కడ సంచి కట్టిన చేతుల మీద, కేంద్రం మాట మీద నమ్మకం ఉంచడం తప్ప దారి లేదు. అందుకే గోదావరి గంగ కావాలనుకునేవారు అంబాజీపేట కేంద్రం నుంచి గాని, కొబ్బరి అభివృద్ధి బోర్డుకు ఏలూరు జిల్లా వేగివాడలో ఉన్న విత్తన క్షేత్రం వంటి చోటు నుంచి గాని తెచ్చుకోవడం మేలు. ఇంటి ముందు అందానికి, బొండాలకు అయితే నన్నడిగితే నారింజ పొట్టి రకమే నయం. దాని మొక్క తన పుట్టుపూర్వోత్తరాలు తన కాడ మీదే రాసుకొని ఉంటుంది.

ఇంతకూ పొట్టి చెట్టు ఎందుకు పొట్టిది? మొక్కల్లో జిబ్బరెల్లిన్ అనే హార్మోను కణాలను పొడవుగా సాగేలా చేస్తుంది. 1926లో కురొసావా అనే జపాన్ శాస్త్రజ్ఞుడు, ఒక శిలీంధ్రం సోకిన వరి మొక్కలు వెర్రిగా పొడుగు పెరిగిపోవడానికి ఆ శిలీంధ్రం విడిచే పదార్థం కారణమని చూపించాడు. దాని నుంచే ఈ హార్మోను సంగతి బయటపడింది. మెండెల్ పొట్టి బఠాణీ పొట్టిగా ఉన్నది ఈ హార్మోను తయారీలో చివరి మెట్టు సరిగా సాగకపోవడం వల్లే. పొట్టి వరి ఐ.ఆర్.8లో అంతకు ముందు మెట్టు కుంటుపడింది. వశిష్ఠ గోదావరికి ఆవల ఉన్న ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు 1967లో పండించి పేరు తెచ్చిన వరి అదే. గాలివానకు పడిపోకుండా నిలబడటం దాని గొప్ప. 2021లో చైనా శాస్త్రజ్ఞులు పొడుగు, పొట్టి కొబ్బరుల జన్యుపటాలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఎత్తులో తేడాకు ఆ వరి జన్యువు కొబ్బరిలో ఉన్న రూపమే కారణమని తోచింది. బఠాణీ, వరి, కొబ్బరి, మూడింటిలోనూ కథ ఒక్క హార్మోను చుట్టూనే తిరుగుతోంది. బఠాణీలో పొడుగు, పొట్టి కలిస్తే బిడ్డ పూర్తిగా పొడుగుదే. కొబ్బరిలో మాత్రం ఇద్దరికీ మధ్యస్థంగా వస్తుంది. ఎత్తు మీద ఇతర జన్యువుల చేయి కూడా ఉండటం వల్ల ఇలా జరుగుతుండవచ్చు.

పొట్టి చెట్టు సుకుమారి అని కూడా చెప్పాలి. నీటి ఎద్దడికి తట్టుకోదు. 2016లో దక్షిణ భారతంలో మొదట కనిపించి, త్వరలోనే మన గోదావరి జిల్లాలకూ పాకిన సర్పిలాకార తెల్లదోమ పొట్టి రకాలను ఎక్కువగా పట్టి పీడించింది. ఆకుల అడుగున తెల్లని మైనపు చుట్టలు, పైన నల్లని బూజు దాని గుర్తులు. కనిపించగానే విషం మందు కొట్టడానికి పరుగెత్తకండి. ఆ దోమను తినే చిన్న పరాన్నజీవి కందిరీగలు కూడా ఆ మందుకే చస్తాయి. నీళ్ళు వేగంగా చిమ్మి ఆకుల అడుగు కడగడం పెరటి చెట్టుకు చేతనైన పని. పొట్టిది కాబట్టే అది మీకు అందుతుంది కూడా! ఇక కుండీ మాట. పొట్టి కొబ్బరైనా సరే, కుండీలో కొన్నాళ్ళు అందంగా ఉంటుంది గాని గెల వేసే బలం రాదు. దానికి నేల కావాలి, పూర్తి ఎండ కావాలి, గోడకు ఎడంగా చోటు కావాలి. మేడ మీద కుండీలో పండు చూడాలంటే కడియం నిమ్మ అంటో, ఆమ్రపాలి మామిడి అంటో తెచ్చుకోండి.

మీకు తెలిసినవాళ్ళ ఇంట్లో నారింజ పొట్టి చెట్టు ఉంటే బాగా ముదిరిన కాయలు నాలుగైదు అడిగి తెచ్చుకోండి. పొట్టి రకం కాయలు త్వరగా మొలుస్తాయి కనుక ఎక్కువ రోజులు నిల్వ ఉంచకుండా, పెరట్లో నీడపట్టున ఇసుక కలిపిన మట్టిలో పాతి, తడి ఆరకుండా చూడండి. మొలక బయటపడిన తేదీ, కాడ రంగు ఒక పుస్తకంలో రాయండి. ముందు మొలిచిన వాటికి మొదలు లావుగా ఉందా, నారింజ కాడలు ఎక్కువా గోధుమ కాడలు ఎక్కువా గమనించండి. ఏడాది నిండేసరికి ఆరు ఆకులు, మొదలు చుట్టుకొలత 10 సెంటీమీటర్లు ఉన్నవే నాటడానికి తగినవి. నారింజ కాడ మొక్కను వీధి గుమ్మం పక్కన, గోధుమ కాడ మొక్క వస్తే దాన్ని ఇంటికి దూరంగా పెరటి చివర నాటండి. అది పొడుగు చెట్టు బిడ్డ కదా, పైకి పోతుంది.